ఎలా లేస్తాం? ఎలా తుడుస్తాం?



ఈమధ్య గృహప్రవేశానికి వెళ్ళారా ఎక్కడికైనా? వెళ్ళే ఉంటారు. వ్రతం అయిపోతుంది. విస్తళ్ళు వేయడానికి ఇంకా టైముంటుంది. అప్పుడు ఇల్లుగలావిడ మనల్ని వెంటబెట్టుకుని ఇల్లంతా చూపిస్తుంది. "ఇది ఇటాలియన్ సోఫా అండీ." చూస్తాం. "ఈ మంచం డిజైనర్ చేత గీయించి చేయించాం." చూస్తాం. ఆఖరికి ఒక తలుపు తీసి లైటు వేస్తుంది. "ఇదండీ మా బాత్రూమ్." గడప దగ్గరే నిలబడి లోపలికి తొంగి చూసి, "స్టార్ హోటల్లో ఉన్నట్టుందండీ" అంటాం.

ఆలోచించండి. మన తాతల కాలంలో స్నానాలగది ఎవరికైనా చూపించేవారా? అది పెరట్లో ఓ మూల ఉండేది. నాలుగు బండలు, ఒక గాబు, ఒక కాగు, అడ్డంగా ఒక తడిక. అంతే. చుట్టం వస్తే చెంబెడు నీళ్ళు అందించి అటువైపు చెయ్యి చూపించేవారు. ఇవాళ ఆ గది పడగ్గది పక్కకి వచ్చింది. సోఫాకి ఎంత ఖర్చు పెడతామో, కుళాయిలకీ బేసిన్‌కీ అంత పెడుతున్నాం. ఒక్కోసారి ఎక్కువే పెడుతున్నాం.

పెట్టండి. నేను వద్దనడం లేదు. అందమైన వస్తువు ఇంట్లో ఉంటే మనసుకి హాయిగా ఉంటుంది. అయితే డబ్బు చెల్లించే ముందు రెండు ప్రశ్నలు వేసుకోమంటాను. చిన్న ప్రశ్నలే. రాసుకోనక్కర్లేదు, గుర్తుండిపోతాయి. మొదటిది, దీని మీంచి ఎలా లేస్తాం? రెండోది, దీన్ని ఎలా తుడుస్తాం? మళ్ళీ చెబుతున్నాను. ఎలా లేస్తాం? ఎలా తుడుస్తాం?

ఇంత మామూలు ప్రశ్నలకి పెద్ద డిజైనర్లతో ఏం పని అనుకుంటున్నారేమో. ఒక పెద్ద డిజైనర్ కథే చెబుతాను.

ఫిన్లాండ్ దేశంలో పైమియో అనే ఊరుంది. దాని పక్క అడవిలో క్షయ రోగుల కోసం ఒక ఆస్పత్రి కట్టారు. 1933లో పూర్తయింది. క్షయకి అప్పటికి సరైన మందు లేదు. మంచి గాలి, ఎండ, విశ్రాంతి, ఇవే వైద్యం. రోగులు నెలల తరబడి అక్కడే ఉండాలి. ఆ ఆస్పత్రిని గీసినాయన పేరు ఆల్వార్ ఆల్టో. ఆయన భార్య ఐనో కూడా ఆర్కిటెక్టే. గోడలూ కప్పూ గీసిచ్చి వాళ్ళు ఊరుకోలేదు. కుర్చీ గీశారు, దీపం గీశారు, వాష్ బేసిన్ గీశారు, తలుపు పిడి కూడా గీశారు. డాక్టరు కోటు చెయ్యి తగులుకోకుండా ఆ పిడిని వంచారు.

నాకు బాగా నచ్చింది ఆ వాష్ బేసిన్. ఒక్కో గదిలో ఇద్దరేసి రోగులు. ఎవరి బేసిన్ వాళ్ళది. అర్ధరాత్రి ఒకాయనకి దగ్గు వస్తుంది. లేచి నోరు కడుక్కోవాలి. కుళాయి తిప్పగానే నీళ్ళు బేసిన్ అడుగున పడి టపటపమని చప్పుడు. పక్క మంచం మీద ఇప్పుడిప్పుడే కన్ను మూతపడినవాడు ఉలిక్కిపడి లేస్తాడు. ఈ ఇబ్బందిని ఆల్టో ముందే ఊహించాడు. నీటిధార నేరుగా అడుగున పడకుండా ఏటవాలుగా ఉన్న పింగాణీ గోడ మీద పడేటట్టు బేసిన్ లోపలి వాలు మార్చాడు. ధార ఆ వాలు మీంచి జారి చప్పుడు లేకుండా పోతుంది. చొక్కా మీద చిందదు కూడా.

కుర్చీ సంగతీ అంతే. పలచటి ప్లైవుడ్ పలకని ఒకే వంపులో సీటుగా, వీపుగా మలిచారు. అందులో కూర్చున్నవాడికి ఊపిరి తేలిగ్గా ఆడాలని వీపు వాలు లెక్కకట్టారు. దాని మీద గుడ్డ లేదు, దూది లేదు. అంటురోగం ఉన్నచోట దుమ్ము చేరడానికి సందు ఉండకూడదు. తడిగుడ్డ పెట్టి ఒకసారి తుడిస్తే శుభ్రం. ఆ కుర్చీ ఇవాళ్టికీ తయారవుతోంది. ప్రపంచంలో ఖరీదైన ఇళ్ళల్లో కనిపిస్తుంది. కొన్నవాళ్ళు ఆ వంపు చూసి కొంటారు. గీసినవాడు మాత్రం రోగి ఊపిరినీ, ఆయా చేతిలోని తడిగుడ్డనీ చూసి గీశాడు. డిజైన్ అనే మాట వినగానే నాకు మొదట తట్టేది ఆ తడిగుడ్డే.

సరే, మన ఇళ్ళల్లోకి వద్దాం. మొదటి ప్రశ్న. ఎలా లేస్తాం?

షోరూముకి వెళతాం. లైట్లు వెలుగుతుంటాయి. ఏసీ చల్లగా ఉంటుంది. ఒక సోఫా కనిపిస్తుంది, పొట్టిగా, వెడల్పుగా, నేలకి ఆనుకుని. కూర్చుంటాం. లోపలికి కూరుకుపోతాం. అబ్బ, ఎంత సుఖం! సేల్స్ కుర్రాడు ఇంకా రంగులు చూపిస్తూనే ఉంటాడు, మనం బేరం మొదలుపెడతాం.

ఆగండి. కూర్చోవడం ఏ సోఫా మీదైనా బావుంటుంది. లేచి చూడండి. చేతులు ఆనించకుండా లేవగలిగారా? ఆనిద్దామంటే ఆనడానికి ఏదైనా ఉందా? ఈ కాలం సోఫాలకి చేతులు ఉండవు, ఉంటే మెత్తటి దిండ్లలా ఉంటాయి. అరచెయ్యి ఆనిస్తే దిగిపోతాయి. మనకి పర్వాలేదు. మరి అమ్మగారికో? మోకాళ్ళ నొప్పులున్న అత్తగారికో? సీటు మోకాలికంటే కిందికి ఉంటే లేవడం కష్టం. సీటు మరీ లోతుగా ఉంటే వీపు ఆనదు, ఆనితే కాళ్ళు నేలకి అందవు. సీటు నేల నుంచి 17, 18 అంగుళాల ఎత్తులో ఉంటే మనవాళ్ళలో చాలామందికి సరిపోతుంది. టేపు పట్టుకెళ్ళక్కర్లేదు. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళని వెంటబెట్టుకెళ్ళండి. వాళ్ళని కూర్చోబెట్టండి. లేవమనండి. మీకు కావలసిన జవాబు వాళ్ళ మొహంలో కనబడుతుంది.

మన పడక కుర్చీ గుర్తుందా? అరుగు మీద తాతగారు వాలి ఉండే కుర్చీ. నాలుగు కర్రలు, మధ్యలో ఒక మందపాటి గుడ్డ. అదీ లోతైనదే, అదీ నేలకి దగ్గరే. కానీ దానికి పొడుగాటి చేతులుండేవి, గట్టి కర్రవి. రెండు చేతులూ వాటిమీద వేసి, ఒక్క ఊపున తాతగారు లేచేవారు. పగలంతా వాలిన మనిషి సాయంత్రం ఎవరి సాయం లేకుండా లేవాలి కదా. చేసిన వడ్రంగికి ఆ సంగతి తెలుసు. గుడ్డ మాసిందా, కర్ర ఊడదీసి, చాకిరేవుకి పంపేవారు. అంటే మన రెండో ప్రశ్నకీ అక్కడ జవాబుంది.

పెద్ద పేరున్నవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసనుకోకండి. అమెరికాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ అని మహా ఆర్కిటెక్ట్. ఆయన జాన్సన్ వ్యాక్స్ కంపెనీకి ఒక ఆఫీసు కట్టాడు, 1939 నాటికి. అద్భుతమైన కట్టడం. అందులో గుమాస్తాలకి మూడు కాళ్ళ కుర్చీ గీశాడు. నిటారుగా, రెండు పాదాలూ నేలమీద ఆనించి కూర్చుంటే నిలబడుతుంది. కాలు మీద కాలు వేసుకున్నారా, పక్కకి వంగి కింద పడ్డ కాగితం తీయబోయారా, మనిషితో సహా పల్టీ కొడుతుంది! గుమాస్తాలు పడ్డారు, గోల పెట్టారు. చివరికి నాలుగో కాలు తగిలించాల్సి వచ్చింది. రైట్ గారి గొప్పతనం ఎక్కడికీ పోదు. కానీ నాలుగో కాలు విషయంలో గుమాస్తాలదే పైచేయి.

దీనికి పూర్తిగా ఎదురు కథ మన దేశంలోనే ఉంది. చండీగఢ్ కుర్చీ. మీరు పేరు వినకపోయినా చూసి ఉంటారు. ఇప్పుడు కాఫీ షాపుల్లో, ఫర్నిచర్ షోరూముల్లో దాని నకళ్ళు బోలెడు. పక్కనుంచి చూస్తే కాళ్ళు తలకిందులు చేసిన ఇంగ్లీషు వి అక్షరం ఆకారంలో, ఏటవాలుగా కలుస్తుంటాయి. చట్రం టేకు, సీటూ వీపూ పేము అల్లిక. 1950లలో చండీగఢ్ నగరం కొత్తగా కట్టినప్పుడు, ఆ నగరాన్ని గీసిన ఆర్కిటెక్ట్ లె కార్బూజియే వెంట ఆయన దగ్గరి బంధువు పియెర్ జానరే కూడా వచ్చాడు. కార్యాలయాలకి, యూనివర్సిటీకి, ఇళ్ళకి వేల కుర్చీలు కావాలి. దిగుమతి చేసుకునే డబ్బు లేదు. ఇక్కడ దొరికే టేకు, ఇక్కడి వడ్రంగులు, ఇక్కడ పేము అల్లేవాళ్ళు. ఉన్నవాటితోనే కుర్చీ గీశాడు. చెమటపట్టే ఎండాకాలంలో పేము సందుల్లోంచి వీపుకి గాలి తగులుతుంది. అల్లిక తెగితే మళ్ళీ అల్లించుకోవచ్చు. చేతులు వెడల్పు, గట్టి కర్ర. హాయిగా లేవచ్చు.

తరవాతేమైందో వినండి. ఏళ్ళు గడిచాయి. ప్లాస్టిక్ కుర్చీలు, తిరిగే కుర్చీలు వచ్చాయి. చండీగఢ్ ఆఫీసుల్లో ఈ పాతవాటిని డాబాల మీద, షెడ్లలో గుట్టలు పోశారు. చెత్త కింద వేలం వేశారు. విదేశీ వ్యాపారులు కారుచౌకగా కొని, బాగుచేయించి, పారిస్‌లో, న్యూయార్క్‌లో లక్షల రూపాయలకి అమ్ముకున్నారు. ఆ తరవాత మనకి మెలకువ వచ్చింది. అవి వారసత్వ సంపద, బయటికి పోకూడదు అని 2011లో కేంద్ర ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. ఇప్పుడు దాని నకలు కొని ఇంట్లో పెట్టుకుంటున్నాం. కొంటే కొనండి. కానీ సీటు నిజమైన పేము అల్లికేనా, ప్లాస్టిక్ అల్లికా అన్నది వేలితో తడిమి చూడండి. చేతులు గట్టిగా ఉన్నాయో లేదో ఊపి చూడండి.

ఇక రెండో ప్రశ్న. ఎలా తుడుస్తాం? ఫర్నిచర్ విషయంలో మనం అసలు వేసుకోని ప్రశ్న ఇదే.

చలిదేశాల్లో నేలమీద తివాచీలు పరుస్తారు, యంత్రంతో దుమ్ము పీలుస్తారు. మనం? రోజూ పొద్దున్నే చీపురు, ఆ వెనకే తడిగుడ్డ. అంటే మన ఇంట్లో ప్రతి బీరువా కాలికీ, ప్రతి మంచం కోడుకీ రోజుకొకసారి స్నానం. మాప్ తగిలినప్పుడల్లా తడి. ఇప్పుడు మనం కొంటున్న చౌక ఫర్నిచర్లో ఎక్కువ భాగం పార్టికల్ బోర్డు. అంటే రంపంపొట్టుని జిగురుతో కలిపి నొక్కిన పలక. పైన నున్నటి కాగితంలాంటి పొర. చూడ్డానికి ఏ లోటూ ఉండదు. కానీ అడుగు అంచున పొర సరిగ్గా అతక్కపోతే, ఆ సందులోంచి తడి లోపలికి ఎక్కుతుంది. ఆర్నెల్లకి అడుగు ఉబ్బుతుంది. ఒకసారి ఉబ్బిన పార్టికల్ బోర్డు మళ్ళీ తగ్గదు. పనిమనిషిని తిట్టి లాభం లేదు, పాపం ఆవిడ నేల తుడిచింది, అంతే.

అందుకని కొనేటప్పుడు వంగి కిందికి చూడండి. సిగ్గుపడకండి. బీరువా నేలకి ఆని ఉందా, కాళ్ళ మీద నిలబడి ఉందా? కాళ్ళకి స్టీలో, ప్లాస్టికో తొడుగు ఉందా? సోఫా కిందికి చీపురు దూరుతుందా? దూరితే బాగా దూరాలి. లేకపోతే పూర్తిగా నేలకి ఆనిపోవాలి. రెండంగుళాల సందు ఉందనుకోండి, చీపురు పోదు, దుమ్ము పోతుంది, పిల్లల బంతులూ బొద్దింకలూ పోతాయి. మంచం తల దగ్గర బొత్తాలు కుట్టిన మెత్తటి పలక ఇప్పుడు ఫ్యాషన్. ఒక్కో బొత్తాం గుంటలో ఏం చేరుతుందో వేసవిలో ఫ్యాన్ కింద పడుకునే మనకి చెప్పక్కర్లేదు.

వడ్రంగి చేత చేయించుకుంటున్నారా? అయితే ఒక అంకె చెబుతాను, ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి. 710. నీళ్ళు తగిలేచోట, అంటే వంటింటి సింకు కింద, వాష్ బేసిన్ కింద, ఐఎస్ 710 అని ముద్ర ఉన్న ప్లైవుడ్ వాడమనండి. మన బీఐఎస్ వాళ్ళు మెరైన్ ప్లైవుడ్‌కి ఇచ్చిన నంబరు అది. ఐఎస్ 710. సన్‌మైకా అంటించకముందే ఆ ముద్ర మీ కళ్ళతో చూడండి. అంటించాక అన్నీ ఒకేలా కనబడతాయి.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇక బాత్రూమ్‌లోకి పోదాం. ముందు ఒక చిన్న కథ.

1958లో చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే దంపతులు మన దేశం గురించి ఒక నివేదిక రాశారు. అమెరికాలో గొప్ప డిజైనర్లు. వాళ్ళ కుర్చీల నకళ్ళు ఇవాళ మన ప్రతి ఆఫీసులోనూ ఉన్నాయి. భారత ప్రభుత్వం పిలిస్తే వచ్చారు. ఊళ్ళు తిరిగారు. మగ్గాలు చూశారు, కుమ్మరి చక్రాలు చూశారు. ఇన్ని చూసి, అన్నిట్లోకీ వాళ్ళు గొప్పగా మెచ్చుకున్న వస్తువేమిటో తెలుసా? చెంబు! అవును, మన చెంబు. నిండుగా ఉన్నప్పుడు చేతిలో బరువు ఎలా నిలుస్తుంది, నడుం మీద ఎలా ఒదుగుతుంది, వంచితే ధార ఎలా పడుతుంది, లోపల తోమడానికి వీలుందా, తగిలితే ఎలా మోగుతుంది, ఆఖరికి పాతబడ్డాక కరిగిస్తే ఎంత వస్తుంది, ఇన్ని ప్రశ్నలకి తరతరాల చేతులు జవాబు చెబుతూ ఆ ఆకారం తెచ్చాయని వాళ్ళ ఆశ్చర్యం. ఆ నివేదిక ఆధారంగానే 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ మొదలైంది. చూశారా, మన తుడవడం ప్రశ్న వాళ్ళ జాబితాలోనూ ఉంది.

ఇంకో తమాషా. ఫిలిప్ స్టార్క్ అని ఫ్రాన్స్ డిజైనర్. 1994లో డ్యూరవిట్ అనే జర్మన్ కంపెనీకి బాత్రూమ్ సామాను గీసిచ్చాడు. డిజైనర్ బాత్రూమ్ అనే మోజుని లోకమంతా పాకించినవాటిలో అదొకటి. కమోడ్ ఆకారం దేన్నిబట్టి గీశాడు? బకెట్ని బట్టి. స్నానపు తొట్టి? పాతకాలం చెక్క తొట్టిని బట్టి. బేసిన్? గిన్నెని బట్టి. కుళాయికి చేతిపంపు ఆదర్శం. మనం బకెట్టూ గంగాళమూ పాతవని పారేసి, లక్ష పోసి కొనుక్కున్నది బకెట్ ఆకారాన్నే!

బకెట్ ఆకారం వచ్చింది, సంతోషం. బకెట్ ఏదీ? కొత్త బాత్రూములు చూడండి. నెత్తిమీద పళ్ళెమంత రెయిన్ షవర్. గోడలో దాచిన పైపులు. కానీ బకెట్ నింపుకోవడానికి కుళాయి ఉండదు. ఉన్నా దాని కింద బకెట్ పట్టదు. రెయిన్ షవర్ కింద నిలబడితే ముందు తడిసేది తల. మన ఆడవాళ్ళు రోజూ తలస్నానం చేస్తారా? జలుబు చేసిన పెద్దాయన చేస్తాడా? పసిపిల్లకి స్నానం చేయించేదెలా? కాళ్ళు మాత్రం కడుక్కునేదెలా? ఆ షవర్ వద్దనను, పెట్టించుకోండి. పక్కనే ఒక హ్యాండ్ షవర్, కింద బకెట్ కుళాయి, ఈ రెండూ తప్పకుండా పెట్టమనండి. పైపులు గోడలోకి పోకముందే ప్లంబర్‌కి చెప్పాలి. టైల్స్ వేశాక చెబితే టైల్స్ పగలగొట్టాలి.

ఇప్పుడు బేసిన్. బల్ల మీద గిన్నె పెట్టినట్టుండే బేసిన్లు వచ్చాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. బల్ల ఎత్తు మామూలుగా ఉంచి, దానిమీద ఈ గిన్నె పెడతారు. అంచు మన ఛాతీ దాకా వస్తుంది. మొహం కడుక్కుంటే నీళ్ళు మోచేతుల మీదుగా చొక్కాలోకి. పిల్లలకి పీట వేయాలి. గిన్నెకీ బల్లకీ మధ్య సందులో పేస్టూ సబ్బూ చేరి నల్లటి గీత కడుతుంది. దాన్ని పాత బ్రష్‌తో రుద్దేది ఎవరు? కొనిచ్చిన ఇంటీరియర్ డిజైనర్ రాడు కదా. అలాంటిదే కావాలంటే, బల్లని గిన్నె ఎత్తుమేర తగ్గించి కట్టమనండి. బల్లకి మన చీమకుర్తి నల్ల గ్రానైటు వేసుకోండి. ప్రపంచమంతా ఎగుమతి అయ్యే రాయి మన దగ్గరే ఉంది. పాలరాయి జోలికి పోవద్దనే నా సలహా. బాత్రూమ్ యాసిడ్ చుక్క పడితే పాలరాయి మెరుపు పోతుంది. పాలరాతిలో ఉండేది సున్నమే, యాసిడ్ దాన్ని తినేస్తుంది.

మరో మాట, బోరు నీళ్ళు. మనలో చాలామంది ఇళ్ళల్లో వచ్చేది ఆ ఉప్పునీళ్ళే. గాజు అడ్డుగోడ, నల్లరంగు కుళాయిలు ఫొటోల్లో దివ్యంగా ఉంటాయి. వారం తిరిగేసరికి తెల్లటి మచ్చలు. నీళ్ళలోని కాల్షియం ఆరి మిగిలిపోతుంది. అప్పుడు గీకితే రంగు పోతుంది. బోరు నీళ్ళున్న ఇంటికి మామూలు మెరిసే క్రోమ్ కుళాయే మేలు. నిమ్మచెక్కతో రుద్ది, వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడిస్తే వదులుతుంది. రోజూ స్నానం అయ్యాక గాజు తుడిచే ఓపిక ఉందా మీకు? ఉంటే గాజు పెట్టించుకోండి. లేకపోతే చిన్న గట్టు కట్టి వదిలేయండి.

గోడకి వేలాడే కమోడ్ గురించి చాలామంది భయపడుతుంటారు. ఊడి పడదా అని. సరిగ్గా బిగిస్తే బరువంతా గోడలో ఉన్న ఇనుప ఫ్రేము మోస్తుంది. దాని కింద నేల ఖాళీగా ఉంటుంది కాబట్టి తుడవడం సులువు. మన రెండో ప్రశ్నకి పూర్తి మార్కులు. కాకపోతే ట్యాంకు గోడలో ఉంటుంది. లోపల వాషర్ పోతే దాన్ని మార్చడానికి బటన్ పలక ఊడదీసి చెయ్యి పెట్టాలి. ఆ విడిభాగాలు మీ ఊళ్ళో దొరుకుతాయా అని కొనేముందే అడగండి.

ఇంతవరకూ కంటికి కనబడేవి చెప్పాను. కనబడనివి అసలైనవి. లె కార్బూజియే పారిస్ దగ్గర 1931లో కట్టిన విల్లా సవోయ్ అనే ఇల్లుంది. ఆర్కిటెక్చర్ చదివే ప్రతి విద్యార్థీ దాని ఫొటో చూస్తాడు. ఇంట్లోకి అడుగుపెట్టగానే వాష్ బేసిన్ ఉంటుంది. "కాళ్ళు కడుక్కుని లోపలికి రా" అనే మన అమ్మమ్మ చూస్తే సంతోషించేది. బాత్రూమ్‌లో తొట్టి పక్కన, ఒళ్ళు వాల్చడానికి టైల్స్ పరిచిన వంపు పడక. ఇంత అందమైన ఇల్లు వానొస్తే కారేది! ఇల్లాలు ఆర్కిటెక్ట్‌కి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. ఇంట్లో వాన, బాత్రూమ్‌లోనూ వాన అని.

అందుకే చెబుతున్నాను. కుళాయికి పెట్టే డబ్బులో కొంత తీసి నేల కింద పెట్టండి. టైల్స్ వేయకముందు వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తారు. అది అయ్యాక నేల మీద నీళ్ళు నిలబెట్టి, ఒక రోజు, వీలైతే రెండు రోజులు వదిలేయమనండి. కింది వాళ్ళ ఇంటి కప్పు చూడండి. చెమ్మ లేకపోతేనే టైల్స్ మొదలుపెట్టమనండి. టైల్స్ వేశాక మగ్గుతో నీళ్ళు పోయండి. నాహని ట్రాప్ వైపు వాటంతటవే పోవాలి. మూలల్లో నిలిస్తే వాలు సరిగ్గా లేనట్టు. మేస్త్రి ఉన్నప్పుడే చెప్పండి, వెళ్ళాక ఫోన్ ఎత్తడు.

నాహని ట్రాప్ అన్నాను కదా. నేలలో జాలీ కింద ఉండే గిన్నె అది. దాంట్లో ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలిచి ఉంటాయి. ఆ నీళ్ళే మురుగు వాసనని ఇంట్లోకి రాకుండా ఆపుతాయి. పైపుని వంచి నీళ్ళు నిలబెట్టి వాసన ఆపే ఈ ఉపాయానికి అలెగ్జాండర్ కమింగ్ అనే స్కాట్లాండ్ గడియారాల నిపుణుడు 1775లో పేటెంట్ తీసుకున్నాడు. వాడని బాత్రూమ్‌లో ఆ నీళ్ళు ఆరిపోతాయి. ఊరెళ్ళి వచ్చాక ఇల్లంతా వాసన వేస్తే అగరొత్తులు వెలిగించకండి. ఆ జాలీలో ఒక చెంబు నీళ్ళు పోయండి.

ఇక మొదటి ప్రశ్న ఈ గదిలో కూడా వేసుకోవాలి. ఎలా లేస్తాం? కార్నెల్ యూనివర్సిటీలో అలెగ్జాండర్ కైరా అనే ఆయన మనుషులు బాత్రూమ్‌లో ఎలా వంగుతారు, ఎలా కూర్చుంటారు, ఎలా కడుక్కుంటారు అని పరిశీలించి 1966లో ఒక పుస్తకం రాశాడు. అమ్ముతున్న సామాను మనిషి ఒంటికి సరిపడేట్టు లేదన్నాడు. కమోడ్ ఇంకా కిందికి ఉండాలన్నాడు. గొంతుక్కూర్చునే మన పద్ధతే కడుపుకి మంచిదని ఆయన వాదన. నిజమే కావచ్చు. కానీ అరవై దాటిన మోకాళ్ళు ఆ వాదన వినవు. కుదిరితే ఒక బాత్రూమ్‌లో ఇండియన్, ఒకదాంట్లో వెస్టర్న్ పెట్టించుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే కమోడ్ కాస్త ఎత్తుగా ఉండాలి, పక్కన పట్టుకోవడానికి స్టీలు కడ్డీ ఉండాలి. తువ్వాలు వేసుకునే రాడ్డు పట్టుకుని లేస్తారు కొందరు. వద్దు. అది తువ్వాలు బరువుకి బిగించింది. మనిషి బరువుకి గోడలోకి లోతుగా బిగించిన కడ్డీయే కావాలి.

నేలకి అద్దంలా మెరిసే టైల్స్ వద్దు. షాపులో పొడిగా ఉన్న టైల్ మీద చెయ్యి పెట్టి చూస్తే ఏం తెలుస్తుంది? ఒక చుక్క నీళ్ళు పోసి, చెప్పు విప్పి, పాదం పెట్టి చూడండి. గరుకుగా వదిలేసిన తాండూరు బండ వేసుకున్నా మంచిదే. చవక, చల్లన, కాలు జారదు. అదీ సున్నపురాయే కాబట్టి యాసిడ్ మాత్రం పోయకండి.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. బాత్రూమ్ తలుపు. చాలా ఇళ్ళల్లో లోపలికి తెరుచుకుంటుంది. లోపల ఎవరైనా కళ్ళు తిరిగి తలుపుకి అడ్డంగా పడితే, మనం బయటి నుంచి ఎంత తోసినా రాదు. తలుపు బయటికి తెరుచుకునేట్టు పెట్టించుకోండి. బయటినుంచి కూడా తీయగలిగే గడియ పెట్టించుకోండి. ఇల్లు కట్టేటప్పుడైతే దీనికి అదనంగా పైసా ఖర్చు కాదు. ఇప్పటికే కట్టేసి ఉంటే, ఒక వడ్రంగికి ఒక పూట పని. ఈ ఆదివారం పిలిపించండి.